కొల్లేటి సీమలో విద్యుద్వాద్యగీతములు

1980 ప్రాంతములనాటి చలనచిత్రగీతములయెడ జనులకు అభిమానము మరల చిగుర్చుచున్నది. 1990వ సంవత్సరము మే 9వ తేదీన విడుదలయైన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ సరిగా ముప్పదియైదేండ్లకు, 2025 మే 9న, మరల ప్రదర్శనశాలలకు రాగా, నాడు బాలురై చూచినవారు నేడు తమ బిడ్డలను వెంటబెట్టుకొని పోయిరి. కైకలూరు, ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములందు పెండ్లిపందిళ్ళలోను కారులలోను ఆనాటి పాటలు వినబడుట పాఠకులెఱిగినదే. ఈ యభిమానము నటులయెడ మాత్రమే కాదు. ఆ పాటలలో నొక నాదము కలదు. తీగెనుండి గాని, తోలునుండి గాని, వెదురునుండి గాని కాక విద్యుత్తునుండి పుట్టిన నాదమది. దానిని గూర్చియే మేము నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

పెద్దలలో పెక్కురకు ఈ ప్రస్తావనయే రుచింపదు. తెలుగుపాట 1951నాటి ‘మల్లీశ్వరి’తో శిఖరము చేరెననియు, పిమ్మట క్రమముగా దిగజారి 1980 తరువాత కేవలము చప్పుడైపోయెననియు వారు తీర్పు చెప్పుదురు. స్వదేశాభిమానులు మఱియొక యాక్షేపణను గూడ చేర్చుదురు: యంత్రము జపానుది, తాళము అమెరికాది, వేషము ముంబయిది, ఇందులో మనదేమున్నదని. మొదటి మాటకు ప్రత్యుత్తరము చెప్పుట కష్టము. ‘మల్లీశ్వరి’ని మించిన పాట వచ్చెనని మేమనజాలము. రెండవ మాటకు మాత్రము బదులు చెప్పవలసియున్నది. వయొలిను మనదా? ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారు దానిని తెల్లవారియొద్ద నేర్చి కర్ణాటకసంగీతమున ప్రవేశపెట్టిరి. నేడు వయొలిను లేని కచ్చేరీ అరుదు. హార్మోనియము మనదా? ఆలిండియా రేడియోవారు దానిని విదేశీయమనియు గమకములకు చాలదనియు 1940లో వెలివేసి, 1971 వఱకు లోనికి రానీయరైరి. అంతకాలమును మన పద్యనాటకములు హార్మోనియము లేక ఒక్క రాత్రియైనను నడువలేదు. తెలుగుదేశపు శ్రోత రేడియో ఆజ్ఞకై వేచియుండలేదన్నమాట. వాద్యము ఎచ్చట పుట్టినదనునది కాక, మనచేత పడిన పిమ్మట ఏమైనదనునదియే మాకు విచారణీయముగా తోచుచున్నది.

ఈ వాద్యముయొక్క రీతిని గూర్చి రెండు మాటలు. వీణ పనసకఱ్ఱకు లోబడినది. మృదంగము తోలునకు, ఎండవానలకు లోబడినది. సింథసైజరున కట్టి బంధము లేదు. విద్యుద్వలయమొకటి కంపనమును పుట్టించును. వేరొకటి దానిని వడపోయును. మఱియొకటి స్వరము ఎంత వేగముగా లేచి ఎంత మెల్లగా అణగవలయునో నిర్ణయించును. ఆ మీటలను త్రిప్పుకొలది పిల్లనగ్రోవివంటిదియు, గంటవంటిదియు, ఏ వాద్యమునకు చెందనిదియు వినవచ్చును. 1983లో యమహావారు తెచ్చిన డీఎక్స్7 అను వాద్యము వేరొక మార్గము త్రొక్కినది. ఒక తరంగముచే మఱియొక తరంగమును కదిలించి స్వరమును పుట్టించుట దాని పద్ధతి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ కనుగొన్నది. గంటవలె, గాజువలె తళుక్కుమను స్వరములకు అది పెట్టినది పేరు. ఆ దశకపు పాట దేనినైనను విన్నచో మొదట చెవిని తాకునది ఆ తళుకే.

పాశ్చాత్యదేశములలో ఈ గీతము పుట్టినచోటులు గమనింపదగినవి. జర్మనీలో డ్యుసెల్డార్ఫ్ నగరపు క్రాఫ్ట్‌వెర్క్ బృందము 1974లో ‘ఆటోబాన్’ అను రికార్డును వెలువరించి దారి చూపినది. మ్యూనిక్ నగరమున జార్జియో మొరోడర్ 1977లో గాయని డొనా సమ్మర్ కంఠమునకు దాదాపు పూర్తిగా యంత్రములతోనే వంతపాడించెను. పిమ్మట బ్రిటనులో షెఫీల్డునుండి హ్యూమన్ లీగ్, బాసిల్డన్‌నుండి డిపేష్ మోడ్, మాంచెస్టరునుండి న్యూ ఆర్డర్ బయలుదేరినవి. షెఫీల్డు ఉక్కు కొలుముల ఊరు. ఆ కొలుములు చల్లారుచున్న దినములవి. ఏండ్లతరబడి సాధకము చేయుటకు వీలులేని యువకులు ఒక చౌకవాద్యము ముందట కూర్చుండి ఒంటివ్రేలితో రాగము నొత్తిరి. అమెరికాలో షికాగో, డెట్రాయిటు నగరములలో నల్లజాతి యువకులు జపానువారి తాళయంత్రములను పట్టుకొని నృత్యశాలలకు వేరొక సంగీతమును సృజించిరి. రోలండు కంపెనీ 1980లో తెచ్చిన టీఆర్-808 అను తాళయంత్రము నిజమైన డ్రమ్మును పోలలేదని నాడు కొననివారే యెక్కువ. 1983లో దాని తయారీయే నిలిచినది. అమ్ముడుపోని ఆ యంత్రమే చేతులు మారి, చౌకయై, పేదవాని చేతికి చిక్కి లోకమును నాట్యమాడించినది.

మన దేశమున విద్యుద్వాద్యము తొలుత నాగస్వరముగా ప్రవేశించినదన్నచో పాఠకులు నవ్వుకొందురేమో. 1954నాటి హిందీ ‘నాగిన్’ చిత్రమున పామును ఆడించిన స్వరము పాములవాని బూర కాదు. కల్యాణ్‌జీ క్లావియొలీను అను విద్యుద్వాద్యముపై వాయించినది. పాము పాట యనగానే నేటికిని మన పెండ్లి బ్యాండువారు ఎత్తుకొను వరుస అదియే! డిస్కోకు మొదటి తలుపు తెఱచినవాడు బెంగుళూరున పుట్టి లండనులో స్థిరపడిన బిడ్డూ. 1980లో ‘కుర్బానీ’ చిత్రమునకును, 1981లో ‘డిస్కో దీవానే’ అను రికార్డునకును నాజియా హసన్ అను పాకిస్తాను బాలికచే పాడించి ఆసేతుహిమాచలము మ్రోయించెను. 1982లో ‘డిస్కో డాన్సర్’ వచ్చినది. బప్పీ లాహిరి పేరు ఇంటింట వినబడినది.

ఆ 1982వ సంవత్సరముననే ముంబయిలో నెవరును పట్టించుకొనని యొక రికార్డు వెలువడినది. చరణ్‌జిత్ సింగ్ హిందీ చిత్రముల వాద్యబృందములలో పనిచేసిన కళాకారుడు. జూపిటర్-8, టీఆర్-808, టీబీ-303 అను మూడు జపాను యంత్రములను ఒకదానితో నొకటి కూర్చి, భైరవి, యమన్, భూపాలి, మాల్కౌంస్ మొదలగు పది రాగములను డిస్కో తాళముపై వాయించెను. మన కర్ణాటక పరిభాషలో యమన్ కల్యాణికిని, భూపాలి మోహనకును, మాల్కౌంస్ హిందోళమునకును మిక్కిలి దగ్గరివి. ఇందులోని చమత్కారమేమనగా, టీబీ-303 స్వరమునుండి స్వరమునకు జారగల యంత్రము. హార్మోనియమున లేదని రేడియోవారు వగచిన జారుడు దానియందు కలదు. షికాగోవారు అదే యంత్రముతో 1987లో ‘యాసిడ్’ అను క్రొత్తబాణీని లోకమునకు వినిపించిరి. వారికి చరణ్‌జిత్ సింగ్ పేరు తెలియదు. ఈయనకు వారి పేర్లు తెలియవు. 2010లో ఆ రికార్డు ఐరోపాలో పునర్ముద్రణ పొందగా విమర్శకులు విస్తుపోయిరి. వృద్ధుడైన ఆ కళాకారుడు విదేశపు వేదికలపై దానిని వాయించి 2015లో కాలధర్మము నొందెను. మనవాని పనిని పరదేశీయుడు వెదకి తీయువఱకు మనకు తెలియకపోవుట క్రొత్త కాదు.

ఇక తెలుగుపాట. ఆ దశకపు తెలుగు తెరకు నాదమిచ్చినవారిలో చక్రవర్తి ముందు చెప్పదగినవాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లున జనించిన ఈ కొమ్మినేని అప్పారావు 900కు మించిన చిత్రములకు సంగీతము కూర్చెను. అంత పని చేసినవాని పాటలన్నియు గొప్పవి యనుట అసత్యమగును. కాని కోలాటపు చతురశ్రగతిని డిస్కోయొక్క నాలుగు దెబ్బల నడకలో కలిపివేయుట ఆయనకు సులభవిద్య. సెకనునకు రెండేసి దెబ్బలుగా పడు ఆ పరదేశపు తాళముమీద పల్లెటూరి శ్రోత తడుముకొనకుండ చప్పట్లు కొట్టగలిగెననిన కారణమిదియే. అది అతనికి పరాయిది కాదు. 1985నాటి ‘దొంగ’లో మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ననుకరించిన పాట యుండెను, 1987నాటి ‘పసివాడి ప్రాణం’తో బ్రేకు డ్యాన్సు అనుమాట ఆంధ్రదేశపు ప్రతి వీధిబడికిని ప్రాకినది. రెండింటికిని సంగీతము చక్రవర్తిది; ఆడినవాడు కొల్లేటికి తూర్పున, మొగల్తూరున పుట్టిన చిరంజీవి.

1986లో కృష్ణ తానే దర్శకుడై నిర్మించిన ‘సింహాసనం’ తెలుగున మొదటి 70 ఎం.ఎం. చిత్రము. రాజులు, కిరీటములు, కత్తులు గల ఆ జానపదకథకు సంగీతము బప్పీ లాహిరిది! గండపెండేరము ధరించిన వీరుడు డ్రమ్ముయంత్రపు దెబ్బకు అడుగులు వేయుచుండగా, ఇది ఏ యుగమని యడిగినవాడు ప్రేక్షకులలో నొక్కడును లేడు. మేమును అడుగలేదు. ఆ యమాయకపు ధైర్యమే ఆ దశకమునకు శోభ. బప్పీ పిమ్మట 1989లో ‘స్టేట్ రౌడీ’కిని, 1991లో ‘గ్యాంగ్ లీడర్’కును సంగీతమిచ్చి తెలుగువాడే యైపోయెను. ఆయన 2022లో మరణించినప్పుడు మన పల్లెలలో వగచినవారికి ఆయన బెంగాలీ యని జ్ఞాపకము రాలేదు.

మా మనస్సున కత్యంతము హత్తుకొనునది మాత్రము రాజ్-కోటి ద్వయముయొక్క కథ. రాజ్ యనబడు తోటకూర సోమరాజు ‘శ్రీకృష్ణపాండవీయ’మునకు సంగీతము కూర్చిన టి.వి. రాజు కుమారుడు. కోటి ‘మల్లీశ్వరి’ని తీర్చిన సాలూరి రాజేశ్వరరావు కుమారుడు. తండ్రులు వీణియలతో, వేణువులతో పాటను పండించిరి. కొడుకులు చక్రవర్తియొద్ద సహాయకులై పనినేర్చి, 1983లో ‘ప్రళయగర్జన’తో స్వతంత్రులై, 1988లో ‘యముడికి మొగుడు’తో ఇంటింటి పేరైరి. వారి పాట ఆద్యంతము కీబోర్డులపై నడచునది. తండ్రుల సంగీతమును త్రోసిపుచ్చినారని వారిని దూషించినవారు కలరు. ఆ పాటల పల్లవులను నెమ్మదిగా పాడుకొని చూడుడని మేమందుము. యంత్రపు తళుకును తొలగించినపుడు అడుగున నిలుచు వరుసలో తండ్రుల యింటి వాసన గలదు. వారియొద్ద కీబోర్డులు వాయించిన యువకులలో దిలీప్ అనునొకడుండెను. అతని తండ్రి ఆర్.కె. శేఖర్ 1976లో మరణింపగా, ఆయన విడిచిన వాద్యములను అద్దెకిచ్చి కుటుంబము పొట్టపోసికొనినది. ఆ బాలుడే 1992లో ‘రోజా’తో ఏ.ఆర్. రెహమాన్ అయ్యెను. భారతదేశపు పాట రూపుమార్చిన చేతులు కొంతకాలము తెలుగుపాటలకు పనిచేసినవను సంగతిని మనవారు తగినంతగా చెప్పుకొనరు. రాజ్ 2023 మే నెలలో హైదరాబాదున అస్తమించెను.

ఇళయరాజాను గూర్చి వ్రాసినచో నీ పుట చాలదు. 1989నాటి ‘గీతాంజలి’ విన్నవారికి, యంత్రమును వయొలినుల నడుమ నెంత మన్ననగా కూర్చుండబెట్టవచ్చునో మేము చెప్పనక్కఱలేదు.

ఈ పాట కొల్లేటి సీమకు వచ్చిన త్రోవలు వేరు. పట్టణమున రేడియో, సినిమాహాలు గలవు. లంకగ్రామమునకు పాట దోనెమీద వచ్చినది. పశ్చిమగోదావరినుండి కువైట్టు మొదలగు గల్ఫు దేశములకు కూలికి పోయినవారు, అందులో స్త్రీలే పెక్కురు, సెలవునకు వచ్చునపుడు టేపురికార్డరు తెచ్చెడివారు. అంతకుపూర్వము గ్రామఫోను కామందుల యింటి సొమ్ము. పాటను ఎప్పుడు పెట్టవలయునో, ఎప్పుడు ఆపవలయునో ఆ యింటివారు నిర్ణయించెడివారు. కూలివాని గుడిసెలో తన చేతితో మీట నొక్కి తన పాటను తాను విను స్వాతంత్ర్యము క్యాసెట్టుతో వచ్చినది. ఇది చిన్న సంగతి కాదు. మా పాఠకులలో భూస్వాములు గలరు. ఆ మార్పును వారు తమ దొడ్లలోనే చూచియున్నారు.

మైకుసెట్టు సంగతి వేఱు. ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి తీర్థమునకు, సంక్రాంతికి, పెండ్లికి, రజస్వల వేడుకకు చెట్టుకొమ్మన కట్టిన గొట్టపు లౌడుస్పీకరే నాటి సంగీతసభ. ఆ గొట్టమునకు మంద్రస్వరములు పలుకవు. మృదంగపు తొప్పి, తంబుర, స్త్రీ కంఠపు మెత్తదనము అందులో పడి నశించును. వయొలినుల గుంపు కీచుమనును. సింథసైజరుయొక్క గంటస్వరమును, తాళయంత్రపు చప్పట్లును మాత్రము చెక్కుచెదరక వెలికివచ్చును. రాత్రివేళ నీటిమీది గాలి చల్లబడి, పైనున్న గాలి వెచ్చగా నుండుటచే ధ్వని పైకి చెదరిపోక క్రిందికి వంగి చాలదూరము ప్రాకును. ఈ రెండును కలిసి, కైకలూరి దాపున మ్రోగిన పాట నడికొల్లేట వలవేసినవానికి స్పష్టముగా వినవచ్చెడిది. విద్యుద్వాద్యగీతము మా సీమకు అతికినట్లు అమరినదని మేమనుట వట్టి అభిమానముచేత కాదు. ఈ గొట్టమునకును ఈ నీటికిని అనువైన సంగీతము అంతకుపూర్వము లేదు.

రికార్డింగు డ్యాన్సును గూర్చి పత్రికలు వ్రాయునపుడు ముక్కు మూసికొనుట ఆచారము. లారీపై పలకలు పఱచి, రంగుదీపములు గట్టి, క్యాసెట్టుపాటకు స్త్రీపురుషులు ఆడు ఆ ప్రదర్శనలు ఉభయగోదావరులలోను కృష్ణాజిల్లాలోను తీర్థములకు తప్పనివై, అశ్లీలమను కారణమున పోలీసువారిచే పలుమార్లు నిషేధింపబడినవి. అశ్లీలము లేదని మేమనము. కాని నిషేధము వచ్చినపుడెల్ల పస్తులున్నది ఆడినవారు; ఈలలు వేసి నోట్లు విసరినవారిలో నొక్కడును ఒక్కపూట భోజనము మానలేదు. బ్రేకు డ్యాన్సును ఏ పాఠశాలయు నేర్పని కాలమున, తెరను చూచి నేర్చి, ఊరూర తిరిగి వేలమందికి చూపినవారు వీరే. వారి పేర్లు ఏ చరిత్రయందును లేవు.

ఆ దశకమును మెచ్చుకొనునపుడు మఱియొక సంగతిని దాటిపోరాదు. తీర్థములలో మైకుసెట్టు జతకు జతయైన ఏండ్లును, కొల్లేరు చెరువులుగా ముక్కలైన ఏండ్లును ఒక్కటే. 1970 దశకపు తుదిభాగమున మత్స్యకారుల సహకారసంఘములకై ప్రభుత్వము త్రవ్వించిన చెరువులతో నారంభమై, పిమ్మట డబ్బుగలవారి గట్లు సరస్సులోనికి నడచినవి. బొచ్చె, శీలావతి మంచుపెట్టెలలో హౌరాకు పోయినవి, ధనము వచ్చినది, ఆ ధనమే పందిళ్ళకు రంగుదీపములైనది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీరు ఉప్పుటేరు చేరుటకు త్రోవ ఇరుకైనది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమని ప్రకటించిరి. 2006లో ప్లస్ అయిదు కాంటూరు లోపలి గట్లను యంత్రములతో తెగగొట్టిరి. ఆ తగవు నేటికిని తీరలేదు. చెరువులుగల మా పాఠకులకు ఈ మాట కటువుగా తోచవచ్చును. కాని పాటను మాత్రము తలచుకొని, ఆ పాట ఏ నీటిమీదుగా వచ్చెనో దానిని విడుచుట మాకు సాధ్యము కాలేదు.

నష్టపడినవారు వేఱొక తెగయు గలరు. చెన్నపట్టణపు స్టూడియోలలో నలుబదేసి మంది కూర్చుండి వయొలినులు వాయించిన చోట ఒక కీబోర్డు చాలునన్నపుడు, ఆ నలుబదిమంది ఏమైరి? మా పల్లెలలో సన్నాయివారికి పెండ్లిపిలుపులు తగ్గినవి. యంత్రమును మెచ్చుకొనువారు ఈ లెక్కను గూడ వ్రాసికొనవలెను. మఱియొక విచిత్రము: వయొలినువారిని త్రోసిన కీబోర్డువారును అనామకులుగనే మిగిలిరి. క్యాసెట్టు అట్టపై నటుని బొమ్మ, సంగీతదర్శకుని పేరు, గాయకుల పేర్లు ఉండును. ఆ గంటస్వరమును ఎన్నుకొని, ఆ తాళమును రాత్రియంతయు మేల్కాంచి యంత్రమున నెక్కించినవాని పేరుండదు. అట్టివారిలో పెక్కురిప్పుడు వృద్ధులు. వారు జీవించియుండగనే వారిచే చెప్పించి వ్రాసికొనుట విశ్వవిద్యాలయముల సంగీతశాఖలు పూనవలసిన పని. త్యాగరాజస్వామివారి కృతుల పాఠాంతరములపై చూపు శ్రద్ధలో వందవపాలు చాలును.

క్యాసెట్టులకు గూడ గడువు దగ్గరపడినది. మా సీమ తేమకు నిలయము. ఆ టేపుపై పూసిన లోహపు పొడి బూజుపట్టి రాలుచున్నది. ఇండ్లలో అటకలపై పెట్టెలున్నవారు వానిని పాతసామానువానికి తూచి ఇయ్యకుందురుగాక. బూజున్న టేపును ఉన్నపళముగ యంత్రమున పెట్టి త్రిప్పరాదు. త్రిప్పినచో టేపును, యంత్రమును రెండును చెడును. పొడిచోట కొన్నాళ్ళుంచి, తెలిసినవానిచే శుభ్రపఱపించి, కంప్యూటరులోనికి నకలు తీయింపవలెను. కంపెనీలు అచ్చువేసిన చిత్రగీతములు ఎక్కడనైనను దొరకును. దొరకనివి మైకుసెట్టువారు తామే ఎక్కించిన క్యాసెట్టులు. పెండ్లివారి పేర్లు, తీర్థపు ప్రకటనలు, పాటకు పాటకు నడుమ తప్పిపోయిన బిడ్డకై పిలుపులు వానిలో నున్నవి. వాని అట్టలపై ఏ వైపున ఏ పాటయో, ఎవరి యింటి శుభకార్యమునకో నల్లసిరాతో వ్రాసియుండును. ఆ వ్రాతను గూడ ఛాయాచిత్రము తీసియుంచవలెను.